ఫ్లైవీల్ వెనక సీలు ఏదీ?

అంబాసిడర్ కారు కాసేపు ఆగి వెళ్ళిన చోట నేలమీద ఒక నల్లటి మరక మిగిలేది, గుర్తుందా? టాక్సీ స్టాండుల్లోనైతే చుక్క మీద చుక్క పడి తారురోడ్డు కన్నా నల్లగా పొర కట్టి ఉండేది. పెళ్ళికి అద్దెకి తెచ్చిన కారైనా, పెద్ద ఆఫీసరు గారి తెల్లకారైనా అంతే. మరక విషయంలో హోదా తేడాలు లేవు :-)

దానికి మనవాళ్ళ దగ్గర రెండు వివరణలు సిద్ధంగా ఉండేవి. ఒకటి, "మెకానిక్ సరిగ్గా బిగించలేదు". రెండోది కాస్త చదువుకున్నవాళ్ళది: "మన దేశంలో తయారైన సరుకు ఇంతేనండీ, అదే ఫారిన్ కారైతేనా...". మారుతి 800 వచ్చాక (మొదటి కారు తాళాలు 1983 డిసెంబరు 14న ఇచ్చారు) ఈ రెండో మాటకి రుజువు కూడా దొరికినట్టయింది. జపాను వాళ్ళ ఇంజను కింద మరక లేదు. ఇంకేం కావాలి?

రెండు వివరణలూ తప్పే. అవి ఎందుకు తప్పో నాకు తెలిసింది ఇక్కడ రెడ్‌మండ్‌లో, అచ్చమైన ఫారిన్ కారు దగ్గర.

మా ఇంటికి రెండిళ్ళ అవతల ఒక పెద్దాయన ఉంటారు. రిటైరైన ఇంజనీరు. ఆయన గరాజ్‌లో 1957 నాటి ఎమ్‌జీఏ ఉంది. ఇద్దరు మాత్రమే పట్టే, పైకప్పు తీసేసుకునే ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు. వానాకాలం ఇక్కడ తొమ్మిది నెలలు కాబట్టి ఆ కారు రోడ్డు మీద కన్నా గరాజ్‌లోనే ఎక్కువ గడుపుతుంది. పోయిన చలికాలం దాని క్లచ్ వణకడం మొదలుపెట్టింది. ఫస్ట్ గేరులో కదిలేటప్పుడు బండి మొత్తం జ్వరం వచ్చినట్టు ఊగేది. క్లచ్ ప్లేటు మీదకి ఆయిల్ వస్తోందని ఆయన తేల్చారు. శనివారాలు సాయానికి వస్తావా అని అడిగితే సరేనన్నాను. వారమంతా కంప్యూటర్లతో కుస్తీ పట్టేవాడికి బోల్టు ఊడదీయడంలో ఉండే సుఖం వేరు. ఊడిందో లేదో కంటికి కనిపిస్తుంది.

మొదటి రోజు ఆయన చేతిలో పెట్టిన వర్క్‌షాప్ మాన్యువల్ తిరగేస్తుంటే ఒక అంకె దగ్గర ఆగిపోయాను. బోర్ 73.025 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 88.9, మొత్తం 1489 సీసీ. ఈ 1489 ఎక్కడో విన్నదే. ఎక్కడో ఏమిటి, అంబాసిడర్ పుస్తకంలోనిదే! మా పెదనాన్నగారికి విజయవాడలో ఒక అంబాసిడర్ టాక్సీ ఉండేది. సెలవుల్లో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు చదవడానికి ఇంకేమీ దొరక్క దాని ఓనర్స్ మాన్యువల్ చదివిన ఘనుణ్ణి నేను.

పోలిక కాకతాళీయం కాదు. అది ఒకే ఇంజను.

ఈ వంశవృక్షం కాస్త ఓపిగ్గా వినండి. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ పక్కనే లాంగ్‌బ్రిడ్జ్‌లో ఆస్టిన్ కంపెనీ 1947లో ఏ40 కారు కోసం 1200 సీసీ ఇంజను ఒకటి తయారు చేసింది. తర్వాత దాని నుంచే బీ-సిరీస్ వచ్చింది. 1952లో ఆస్టినూ, మోరిస్ కంపెనీ ఉన్న నఫ్ఫీల్డ్ సంస్థా కలిసిపోయి బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అయ్యాయి. అప్పటిదాకా బద్ధశత్రువులు. కలిశాక ఒకరి ఇంజను ఇంకొకరి కార్లలోకి వచ్చింది. అదే బీ-సిరీస్‌ని 1489 సీసీకి పెంచి, జంట కార్బురేటర్లు తగిలించి 1955లో ఎమ్‌జీఏలో పెట్టారు. ఒకే కార్బురేటరుతో, పెద్దమనిషి తరహాలో మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌లో పెట్టారు. ఆ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీసే మన అంబాసిడర్. బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ 1942లో గుజరాత్‌లోని ఓఖా రేవు దగ్గర మొదలై, 1948లో కలకత్తా పక్కన ఉత్తరపారాకి మారి, మోరిస్ వాళ్ళతో ఒప్పందం మీద వరసగా వాళ్ళ మోడళ్ళు తెస్తూ వచ్చింది. అంబాసిడర్‌కి మొదట్లో పాత సైడ్‌వాల్వ్ ఇంజను ఉండేది. 1959లో ఈ 1489 సీసీ ఇంజను వచ్చింది.

అంటే అమెరికాలో కుర్రకారు మోజుపడి కొనుక్కున్న స్పోర్ట్స్ కారూ (మొత్తం ఎమ్‌జీఏలు లక్షకి పైచిలుకు తయారైతే అందులో అత్యధికం ఎగుమతికే పోయాయి), బెజవాడ రైల్వే స్టేషను ముందు తొమ్మిది మందిని ఎక్కించుకునే టాక్సీ... ఒక తల్లి పిల్లలే.

సరే, పనికొద్దాం. ఎమ్‌జీఏలో ఫ్లైవీల్ దాకా వెళ్ళాలంటే గేర్‌బాక్స్ ఒక్కదాన్నే కింద నుంచి దించడం కుదరదు, ఛాసిస్ అడ్డం వస్తుంది. ఇంజను పైకి లాగాల్సిందే. మేం గేర్‌బాక్సుతో కలిపే లాగాం. బానెట్ తీసి, రేడియేటర్ తీసి, వైర్లకి చీటీలు కట్టి, క్రేనుకి తగిలించి లేపాం. ముక్కు పైకెత్తి, తోక కిందకి వేలాడదీసి, అంగుళం అంగుళం. అదే పని ఆటోనగర్‌లో మూడు కాళ్ళ స్టాండుకి చైన్‌పుల్లీ కట్టి ఇద్దరు కుర్రాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ చేసేస్తారు. మాకు రెండు శనివారాలు పట్టింది.

గేర్‌బాక్స్ విడదీయగానే సంగతి అర్థమైంది. బెల్ హౌసింగ్ లోపలంతా ఆయిలూ, క్లచ్ ప్లేటు నుంచి రాలిన పొడీ కలిసి నల్లటి జావ. ప్రెషర్ ప్లేటు బోల్టుల్ని ఒకదాని తర్వాత ఒకటి పూర్తిగా విప్పేయకూడదు. లోపల స్ప్రింగులు నొక్కుకుని ఉంటాయి, ఒక పక్కే వదిలితే ప్లేటు వంగిపోతుంది. ఎదురెదురుగా కొంచెం కొంచెంగా వదులుతూ రావాలి. అది వచ్చాక ఫ్లైవీల్. ఆరు బోల్టులు, వాటి తలలు తిరిగిపోకుండా మడిచిపెట్టిన రేకులు. ముందు ఉలితో ఆ రేకుల మడతలు విప్పాలి. తర్వాత ఫ్లైవీల్ తిరగకుండా రింగ్‌గేర్ పళ్ళలో ఏదైనా అడ్డం పెట్టి, పొడుగు పైపు తగిలించిన స్పానరుతో బలంగా తిప్పాలి. తీసేముందు ఫ్లైవీల్ మీదా క్రాంక్‌షాఫ్ట్ మీదా పంచితో ఒక గుర్తు కొట్టుకోవడం మర్చిపోకూడదు. మళ్ళీ అదే స్థానంలో బిగించాలిగా. ఆఖరి బోల్టు వదిలేటప్పుడు రెండు చేతులూ సిద్ధంగా ఉండాలి. అచ్చమైన ఇనుము, కాలిమీద పడితే వేళ్ళమీద ఆశ వదులుకోవాల్సిందే.

ఫోక్స్‌వాగన్ బీటిల్ బాగుచేసేవాళ్ళకి ఇక్కడి నుంచి పని సులువు. దానికి ఆరు బోల్టులుండవు, నడిమధ్యన 36 మిల్లీమీటర్ల నట్టు ఒకటే. అది వదలడానికి భీముడు కావాలి. కానీ ఫ్లైవీల్ వచ్చేస్తే దాని వెనక గుండ్రటి ఆయిల్ సీలు ఎదురుగా కనిపిస్తుంది. పాతది పెకలించి, కొత్తది సమంగా కొట్టి, మళ్ళీ బిగించడమే. నేనూ అలాంటిదే ఉంటుందని టార్చిలైటు వేసి చూశాను.

సీలు లేదు.

పాడైపోయిందని కాదు, అరిగిపోయిందని కాదు. అసలు లేదు. ఎప్పుడూ లేదు. సీలు ఉండాల్సిన చోట క్రాంక్‌షాఫ్ట్ చుట్టూ స్క్రూకి ఉన్నట్టు మరలు చెక్కి ఉన్నాయి. వాటి చుట్టూ ఇనప గోడ, రెండింటి మధ్యా వెంట్రుక మందం ఖాళీ. పెద్దాయన నా మొహం చూసి నవ్వారు. ఆయనకి ముందే తెలుసు. నేను స్వయంగా చూడాలని చెప్పలేదట.

దీన్ని స్క్రోల్ అంటారు. ఎలా పనిచేస్తుందో చెప్తాను, నిజానికి చాలా తెలివైన ఏర్పాటు. క్రాంక్‌షాఫ్ట్ చివరి బేరింగు నుంచి బయటికి వచ్చే ఆయిల్‌ని ముందు ఒక అంచు విసిరికొడుతుంది. అది సంప్‌లోకి జారిపోతుంది. దాన్ని దాటి ఫ్లైవీల్ వైపు పాకిన కొద్దిపాటి ఆయిల్ ఈ మరల్లో చిక్కుకుంటుంది. షాఫ్టు తిరుగుతున్న దిశకి తగ్గట్టుగా చెక్కిన మరలు కాబట్టి, ఆర్కిమిడిస్ స్క్రూ నీటిని తోడినట్టు ఆ ఆయిల్‌ని మళ్ళీ లోపలికి తోస్తాయి. ఏదీ దేన్నీ రాసుకోదు కాబట్టి అరుగుదల లేదు. మార్చాల్సిన వస్తువు లేదు, కొనాల్సిన వస్తువు అంతకన్నా లేదు.

చిక్కల్లా ఏమిటంటే, ఇది ఇంజను తిరుగుతున్నప్పుడే పనిచేస్తుంది. ఆపగానే మరలు ఆగిపోతాయి. ఆ వెంట్రుక మందం ఖాళీ మాత్రం తెరిచే ఉంటుంది. మరల్లో మిగిలిన ఆయిల్ చుక్కగా మారి కిందకి దిగుతుంది. అంటే కారు ఆపిన చోటే, ఆపిన తర్వాతే! నేలమీద మరక పుట్టుక అదన్నమాట. పిస్టన్ రింగులు అరిగితే పరిస్థితి ఇంకా చెడుతుంది. మండిన వాయువు రింగుల పక్క నుంచి కిందకి దిగి, ఇంజను కడుపులో ఒత్తిడి పెంచి, ఆయిల్‌ని ఏ సందు దొరికితే ఆ సందు నుంచి బయటికి తోస్తుంది. ఆనాటి ఇంజన్లకి ఆ వాయువు పోవడానికి కిందకి వంచిన గొట్టం ఒకటుండేది. కారు వేగంగా పోతుంటే గాలి ఆ గొట్టాన్ని పీల్చేది. ఇంగ్లండు పల్లెదారుల్లో అది బాగానే ఉంటుంది. ఇంజను ఆపకుండా లెవెల్ క్రాసింగ్ దగ్గర పావుగంట నిలబడే బండికి పీల్చేవాళ్ళెవరు?

ఇంకొక వస్తువు చూపించారు పెద్దాయన. ఈ జావంతా ఊడుస్తుంటే బెల్ హౌసింగ్ అడుగున చిన్న రంధ్రం, అందులో వదులుగా వేలాడుతున్న స్ప్లిట్ పిన్ను కనిపించాయి. ఆ పిన్ను దేన్నీ పట్టి ఉంచడం లేదు. కారు కుదుపులకి అది అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది, అలా ఊగితే రంధ్రం పూడుకుపోదు. అంటే ఆయిల్ కారుతుందని గీసినవాళ్ళకే తెలుసు. కారిన ఆయిల్ క్లచ్ దగ్గర నిలవకుండా రోడ్డు మీదకి పోయే దారి కూడా వాళ్ళే పెట్టారు. మా వృత్తిలో "అది బగ్ కాదు, ఫీచర్" అని జోకు. ఇక్కడ జోకు కాదు, బొమ్మ గీసి ఫ్యాక్టరీకి పంపారు.

మరి రబ్బరు సీలు అప్పటికి లేదా అంటే, ఉంది. జర్మనీలో వైన్‌హైమ్ ఊళ్ళో ఫ్రాయిడెన్‌బెర్గ్ అని 1849లో మొదలైన తోళ్ళ కంపెనీ ఉంది. 1930ల దరిదాపుల్లో తోళ్ళ వ్యాపారం దెబ్బతిని ఇతర దారులు వెతుక్కుంటూ, వాల్టర్ సిమ్మర్ అనే ఇంజనీరు చేతుల మీదుగా షాఫ్టు చుట్టూ మెత్తగా అంటుకునే తోలు సీళ్ళు చేసింది. ఆయన పేరుమీదే వాటిని సిమ్మర్‌రింగ్ అన్నారు. కొన్నేళ్ళకే తోలు బదులు కృత్రిమ రబ్బరు వచ్చింది. చక్రాల ఇరుసులకీ, గేర్‌బాక్సులకీ ఇవి హాయిగా సరిపోయాయి. క్రాంక్‌షాఫ్ట్ వెనక కొస సంగతి వేరు. అక్కడ షాఫ్టు లావు. 75 మిల్లీమీటర్ల వ్యాసం, నిమిషానికి 5000 చుట్లు అనుకుని లెక్కేయండి. రబ్బరు పెదవి కింద ఇనుము సెకనుకి దాదాపు 20 మీటర్ల వేగంతో పరిగెడుతుంది. పైగా సెగ. 1940ల రబ్బరుతో ఆ పందెం కాయడం కన్నా మరలు చెక్కుకోవడం మేలని లాంగ్‌బ్రిడ్జ్ ఇంజనీర్లు అనుకున్నారంటే నేను తప్పుపట్టను. అమెరికా వాళ్ళు అదే చోట గ్రాఫైటు పట్టించిన ఆస్‌బెస్టాస్ తాడు చుట్టేవారు. ఆ కార్లూ కారేవి.

అసలు మలుపు 1964లో. ఎమ్‌జీఏ తర్వాత వచ్చిన ఎమ్‌జీబీ కూడా మొదట్లో మూడు మెయిన్ బేరింగుల ఇంజనుతో, ఇదే స్క్రోల్‌తో వచ్చింది. 1964 మొదట్లో ఆ గాలిగొట్టం తీసేసి, ఇంజను కడుపులోని వాయువుని కార్బురేటర్లే పీల్చుకునే ఏర్పాటు చేశారు. అదే ఏడాది అక్టోబరులో ఐదు బేరింగుల కొత్త క్రాంక్‌షాఫ్ట్ పెట్టారు. దాంతోపాటు ఫ్లైవీల్ వెనక అసలు సిసలు రబ్బరు సీలు. స్క్రోల్ కథ ఎమ్‌జీలో అక్కడితో ముగిసింది.

ఉత్తరపారాలో ముగియలేదు. మూడు బేరింగుల 1489 ఇంజను మార్క్ 2లో, మార్క్ 3లో, మార్క్ 4లో సాగుతూనే పోయింది. 1990ల మొదట్లో 1800 సీసీ ఇసుజు ఇంజను వచ్చేదాకా పెట్రోలు అంబాసిడర్ అంటే అదే. కారణం ఇంజనీర్లకి చేతకాక కాదని నా నమ్మకం. 1953లో టారిఫ్ కమిషన్ సిఫార్సు ప్రకారం, దేశంలో విడిభాగాలు తయారుచేసే ప్రణాళిక లేని కంపెనీలు సర్దుకోవాల్సి వచ్చింది. జనరల్ మోటార్స్, ఫోర్డ్ వెళ్ళిపోయాయి. మిగిలిన ఇద్దరు ముగ్గురికి పోటీ లేదు. కారు ధర ఎంతుండాలో ప్రభుత్వం చెప్పేది, కొనేవాళ్ళు ఏళ్ళ తరబడి వరసలో నిలబడేవారు. కొత్త క్రాంక్‌షాఫ్ట్ కోసం యంత్రాలు దిగుమతి చేయాలంటే విదేశీ మారకద్రవ్యం కావాలి, లైసెన్సు కావాలి. ఇంత కష్టపడి చుక్క ఆపితే ఒక్క కారు ఎక్కువ అమ్ముడుపోదు. నేనే ఆ కుర్చీలో ఉంటే ఏం చేసేవాణ్ణో చెప్పలేను.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. రబ్బరు సీలు మంచిది కావాలంటే మంచి రబ్బరు కావాలి, అది గట్టిపడ్డాక మళ్ళీ కొత్తది దొరకాలి. నాసిరకం సీలు వేసి రెండు నెలలకోసారి ఇంజను దింపడం కన్నా, జీవితాంతం రోజుకి నాలుగు చుక్కలు కార్చే మరలే ఆనాటి టాక్సీవాలాకి చవక. డిప్‌స్టిక్ చూసుకుని కాస్త ఆయిల్ పోసుకుంటే చాలు. మారుతి మెరుగైన కారే, కాదనను. కానీ దాని కింద నేల శుభ్రంగా ఉండటం జపాను పనితనం ఒక్కటే కాదు. ముప్ఫై ఏళ్ళ తర్వాత గీసిన ఇంజను, వెనక ఒక రబ్బరు రింగు.

ఇదంతా తెలిశాక ఒక ఆదివారం పెదనాన్నకి ఫోన్ చేశాను. టాక్సీ అమ్మేసి పాతికేళ్ళు దాటింది. అయినా ఆ కారు మాటెత్తితే గొంతు మారుతుంది. నేను స్క్రోల్ గురించి చెప్పుకుపోతుంటే మధ్యలో ఆపారు.

"ఒరే, అయితే దానికి సీలే లేదంటావా?"

"లేదు పెదనాన్నా. ఇంగ్లండులో పుట్టినప్పటి నుంచీ లేదు."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు. మొదట్లో ఆ బండి చూసే మేస్త్రీ ఒకాయన ఉండేవాడట. ఆయిల్ కారుతోంది, సీలు మార్చమంటే, "ఇది సీలు వేసే బండి కాదు సార్, రింగులు బాగుంటే ఇంతకన్నా ఎక్కువ కారదు, చూసుకుంటూ తిప్పండి" అన్నాడట. పని తప్పించుకుంటున్నాడని పెదనాన్న వేరే షెడ్డుకి మారారు. అక్కడి మేస్త్రీ సీలు వేస్తానని ఇంజను దింపి, డబ్బు పుచ్చుకుని, ఏదో బంక పూసి బిగించాడు. వారం రోజులు కారలేదు. తర్వాత మామూలే.

"నిజం చెప్పినవాడికి పని పోయింది, అబద్ధం చెప్పినవాడికి డబ్బిచ్చాను" అన్నారు. ఆ మొదటి మేస్త్రీ ఇప్పుడు ఎక్కడున్నాడో ఆయనకి తెలియదు. నేను అడిగినదానికన్నా ఎక్కువసార్లు ఆయనే ఆ ప్రశ్న వేసుకున్నారు ఫోన్లో.

ఆ మేస్త్రీ మాటకి ఆధారం ఏ పుస్తకమో నాకు తెలియదు కానీ, మా పెద్దాయన మాన్యువల్ చెప్పేది కూడా దాదాపు అదే. స్క్రోల్ దగ్గర చేయగలిగింది తక్కువ, దాని మీద పడే భారం తగ్గించాలి. రింగులు మార్చి ఒత్తిడి తగ్గించాలి. మెయిన్ బేరింగులు అరిగి షాఫ్టు కిందకి కుంగితే మరల చుట్టూ ఖాళీ ఒక పక్క పెరిగిపోతుంది, కాబట్టి బేరింగులు చూడాలి. అన్నిటికన్నా ముందు, వెనక నుంచి వచ్చే ఆయిలంతా స్క్రోల్ నుంచే వస్తోందా అని చూడాలి. ఈ ఇంజను పక్కన టాపెట్లకి రెండు రేకు మూతలుంటాయి, వాటి కార్కు గాస్కెట్ల నుంచి కారిన ఆయిల్ వెనక్కి పాకి, వెనక నుంచే వచ్చినట్టు కనిపిస్తుంది. మా కారులో సగం దోషం వాటిదే.

ఈ ఇంజను కోసం ఇప్పుడు రబ్బరు సీలు కిట్లు కూడా అమ్ముతున్నారు. చాలామంది వేయించుకుంటారు, కొందరికి బాగా పనిచేసిందంటారు కూడా. పెద్దాయన ఒకటి తెప్పించి, బల్లమీద పెట్టి, రెండు వారాలు దాన్ని చూస్తూ కూర్చున్నారు. సీలు పెదవి ఆనాలంటే నున్నగా, గుండ్రంగా, కేంద్రం తప్పకుండా తిరిగే చోటు కావాలి. అక్కడ సీలు వస్తుందని ఈ క్రాంక్‌షాఫ్ట్ చేసినవాళ్ళు అనుకోలేదు కాబట్టి ఆ హామీ లేదు. చివరికి కిట్టు తిప్పి పంపేశారు. కొత్త రింగులు, కొత్త మెయిన్ బేరింగులు, టాపెట్ మూతలకి కొత్త గాస్కెట్లు, కొత్త క్లచ్ ప్లేటు వేశాం. ఫ్లైవీల్‌ని కొట్టుకున్న గుర్తుకి సరిగ్గా ఎక్కించి, ఆరు బోల్టులూ ఎదురెదురుగా టార్క్ రెంచితో బిగించి, కొత్త రేకులు మడిచాం. మా ఆవిడ నా చొక్కా చూసి, ఇక నుంచి దీన్ని ఆ గరాజ్‌లోనే ఉంచమంది.

గేర్‌బాక్స్ కలిపేముందు బెల్ హౌసింగ్ అడుగున రంధ్రాన్ని తీగతో శుభ్రం చేశాం. పాత స్ప్లిట్ పిన్ను తుప్పుపట్టి బిగుసుకుపోయింది. దాని బదులు కొత్తది దూర్చి, జారిపోకుండా కాళ్ళు కొంచెమే విప్పి, వేలితో తట్టి ఊగుతోందో లేదో చూసుకున్నాం.